చేతిలో తుపాకీ ఉండదు.. కళ్లే ఆయుధాలు

యుద్ధం ముగిసిన గడ్డపై భారత సైనిక పరిశీలకుల అనుభవాలు

కుసుమంచి: యుద్ధం ఆరంభమైన రోజు లోకమంతటికీ తెలుస్తుంది. అది నిజంగా ముగిసిందా లేదా అన్నది మాత్రం ఎవరో ఒకరు వెళ్లి కళ్లారా చూసి చెబితేనే తెలుస్తుంది. కాల్పులు ఆపుతామని ఇరుపక్షాలూ కాగితంపై సంతకాలు చేసిన మరునాటి నుంచి, ఆ మాట నిలుస్తున్నదో లేదో పరిశీలించేందుకు ఐక్యరాజ్యసమితి పంపే అధికారులే సైనిక పరిశీలకులు. వీరు సైనికాధికారులే అయినా వెంట ఆయుధం ఉండదు. నీలిరంగు టోపీ, దుర్భిణి, పటం, వైర్‌లెస్ సెట్టు, నోటు పుస్తకం.. ఇవే వీరి సాధనాలు. ఏడు దశాబ్దాలకు పైగా భారత సైన్యం ఈ బాధ్యతను ప్రపంచం నలుమూలలా నిర్వర్తిస్తూ వస్తోంది.

ఖమ్మం నుంచి కుసుమంచి మీదుగా సాగే రహదారి చేరే సూర్యాపేట, కల్నల్ బి.సంతోష్‌బాబు స్వస్థలం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సేనలతో జరిగిన ఘర్షణలో ఆయనతో పాటు మొత్తం 20 మంది భారత సైనికులు అమరులైన సంగతి తెలిసిందే. ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఆ అధికారి, అంతకు ముందు ఆఫ్రికాలోని కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ విధుల్లో కూడా పాల్గొన్నారన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. సరిహద్దులో పోరాడే సైనికుడి గురించి జనానికి తెలిసినంతగా, పరాయి దేశంలో ఇతరుల పోరును ఆపేందుకు నిలబడే సైనికుడి గురించి తెలియదు.

పంచనామా వంటి కొలువు

శాంతి పరిరక్షణ విధులకు వెళ్లే వారిలో ప్రధానంగా రెండు తరగతులున్నాయి. బెటాలియన్లుగా వెళ్లే సాయుధ దళాలు మొదటి తరగతి. ఇవి శిబిరాలకు, రహదారులకు, శరణార్థులకు కాపలా కాస్తాయి. ఆత్మరక్షణకు, ఆదేశాలను బట్టి పౌరుల రక్షణకు ఆయుధం వాడతాయి. రెండో తరగతి సైనిక పరిశీలకులు. వీరు దళంగా కాక, ఒక్కొక్కరుగా ఎంపికై వెళతారు. అక్కడ పది పదిహేను దేశాల అధికారులతో కలిసి ఒకే బృందంగా పనిచేస్తారు.

పల్లెల్లో పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు గొలుసు పట్టి కొలుస్తాడు. పంచులు దగ్గరుండి చూసి పంచనామాపై సంతకం చేస్తారు. పంచు తీర్పు చెప్పడు, శిక్ష వేయడు. చూసింది చూసినట్లు రాసిన కాగితానికి సాక్షిగా నిలుస్తాడు. సైనిక పరిశీలకుడి పనీ దాదాపు అంతే. ఫలానా కొండపై నిన్న లేని కందకం నేడు కనిపించింది, ఫలానా వంతెన దాటి మూడు ట్యాంకులు వచ్చాయి, ఫలానా గ్రామం నుంచి జనం వెళ్లిపోయారు అని అతను రాస్తాడు. ఎవరిది తప్పో తేల్చేది పైవారు. అయితే ఆ కాగితం అబద్ధమైతే పైవారి నిర్ణయమంతా అబద్ధమైపోతుంది. కనుకనే పరిశీలకుడి నివేదికలో చూసినది వేరుగా, విన్నది వేరుగా రాయాలన్నది మొదటి నియమం. సమయం, పటంపై స్థానం, దూరం, సంఖ్య తప్పనిసరిగా పేర్కొనాలి.

గస్తీకి వెళ్లే వాహనంలో సాధారణంగా వేర్వేరు దేశాల అధికారులు కలిసి ఉంటారు. ఒక దేశం వారే చూసి వచ్చి చెబితే, ఆ దేశానికి ఎవరిపైనో మొగ్గు ఉందన్న అనుమానం తలెత్తుతుంది. రెండు మూడు దేశాల వారు కలిసి చూసి, కలిసి సంతకం చేసిన నివేదికను తోసిపుచ్చడం అంత సులభం కాదు. ఆయుధం లేకపోవడం కూడా ఈ లెక్కలోనిదే. తుపాకీ లేనివాడు ఎవరికీ పోటీ కాడు. ఇరుపక్షాల కందకాల్లోకీ నడిచి వెళ్లగల అర్హత అతనికి అందువల్లనే దక్కుతుంది.

సెప్టెంబరు 17.. అక్కడా ఇక్కడా

ఈ విధానం 1948లో మొదలైంది. అరబ్ దేశాలకు, ఇజ్రాయెల్‌కు మధ్య సంధిని పరిశీలించేందుకు ఆ ఏడాది మే 29న ఐక్యరాజ్యసమితి తన తొలి పరిశీలక సంస్థకు అంకురార్పణ చేసింది. నేడు ఏటా మే 29న అంతర్జాతీయ శాంతి పరిరక్షకుల దినోత్సవం జరపడానికి కారణం ఇదే.

ఆ కొలువు ఎంత ప్రమాదకరమో నాలుగు నెలలు తిరగకుండానే వెల్లడైంది. సమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్, ఆయన వెంట ఉన్న ఫ్రెంచి పరిశీలకుడు కల్నల్ సెరో 1948 సెప్టెంబరు 17న జెరూసలేంలో తీవ్రవాదుల తూటాలకు బలయ్యారు. సరిగ్గా అదే రోజున హైదరాబాద్‌లో నిజాం లొంగుబాటును ప్రకటించడం యాదృచ్ఛికం. ఖమ్మం ప్రాంతం నాడు నిజాం సంస్థానంలోనిదే. పోలీసు చర్య సాగుతుండగానే, అంతకు ముందు రోజు పారిస్‌లో భద్రతా మండలి నిజాం ఫిర్యాదును చర్చకు చేపట్టింది. మరునాటికే పరిస్థితి మారిపోవడంతో ఆ వ్యవహారం పరిశీలకుల వరకూ రాలేదు.

కాశ్మీరు విషయం అలా కాలేదు. 1949 జనవరి 1 నుంచి భారత్, పాకిస్థాన్‌ల మధ్య కాల్పుల విరమణ అమలులోకి రాగా, అదే నెల 24న సమితి పరిశీలకుల తొలి జట్టు అక్కడికి చేరుకుంది. అంటే పరాయి దేశాలకు తన అధికారులను పంపడానికి ముందే, తన గడ్డపై పరాయి దేశాల పరిశీలకులు తిరగడాన్ని భారతదేశం చూసింది.

కొరియాలో తొలి పరీక్ష

భారత సైన్యానికి ఈ రంగంలో పెద్ద పరీక్ష కొరియాలో ఎదురైంది. మూడేళ్ల యుద్ధం తర్వాత 1953 జులై 27న సంధి కుదిరింది. కానీ స్వదేశాలకు తిరిగి వెళ్లబోమన్న 22 వేల మందికి పైగా యుద్ధఖైదీలను ఏం చేయాలన్నది తేలలేదు. వారి ఇష్టాన్ని బలవంతం లేకుండా తెలుసుకునే బాధ్యతను అయిదు తటస్థ దేశాల సంఘానికి అప్పగించారు. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలెండ్, చెకొస్లొవేకియాలు సభ్యులు కాగా, అధ్యక్ష స్థానం భారతదేశానిది. ఆ స్థానంలో కూర్చున్న వ్యక్తి లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్.తిమ్మయ్య. ఆయన సైనిక జీవితం తొలినాళ్లు గడిచింది అప్పట్లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా పిలిచిన దళంలో. 1945లో దాని పేరు కుమావున్ రెజిమెంట్‌గా మారింది.

భారత సేనలు తమ నేలపై కాలు మోపరాదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భీష్మించారు. దీంతో ఓడల నుంచి హెలికాప్టర్లలో వారిని నేరుగా సైనిక రహిత ప్రాంతానికి తరలించవలసి వచ్చింది. ఖైదీల శిబిరాల్లో కమ్యూనిస్టులు, కమ్యూనిస్టు వ్యతిరేకులు వేర్వేరు కంచెల మధ్య రగిలిపోతున్నారు. 1953 సెప్టెంబరులో కొందరు ఖైదీలు ఒక భారత మేజరును కంచె లోపలికి లాక్కుపోయి బంధించారు. కాల్పులు జరిపితే వందల ప్రాణాలు పోతాయి. భారత దళాధిపతి మేజర్ జనరల్ ఎస్.పి.పి.థోరాట్ ఆయుధం లేకుండానే లోపలికి నడిచి వెళ్లి, ఖైదీలతో మాటలు కలిపి, ఆ అధికారిని విడిపించి తెచ్చారు. ఈ సాహసానికి ఆయనకు రెండో తరగతి అశోకచక్ర లభించింది. శాంతి విధుల్లో ధైర్యమంటే గురి చూసి కాల్చడం కాదని, కాల్చకుండా నిలబడగలగడమని ఆ ఘటన నిరూపించింది.

ఏ పక్షానికీ పోనన్న 88 మంది మాజీ ఖైదీలను భారత సైన్యం 1954 ఫిబ్రవరిలో తనతో పాటు ఓడలో మద్రాసుకు తీసుకొచ్చింది. వారిలో కొందరు తర్వాత దక్షిణ అమెరికా దేశాలకు వలస వెళ్లారు.

నిజం చెప్పినా ఆగని యుద్ధం

కొరియా నుంచి సేనలు తిరిగి వచ్చిన కొద్ది నెలలకే మరో పిలుపు వచ్చింది. 1954 జులైలో జెనీవా ఒప్పందంతో ఫ్రెంచి పాలకులు ఇండోచైనా నుంచి వైదొలగారు. వియత్నాం, లావోస్, కంబోడియాల్లో ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ సంఘాలకు భారత్ అధ్యక్షత వహించగా, కెనడా, పోలెండ్ సభ్య దేశాలయ్యాయి. ఇది సమితి ఆధ్వర్యంలోనిది కాకపోయినా, సైనిక పరిశీలకులు చేసిన పని మాత్రం అదే. వియత్నాంలో ఉత్తరాన ఏడు, దక్షిణాన ఏడు చొప్పున 14 స్థిర బృందాలు రేవులు, సరిహద్దు పట్టణాల్లో మకాం వేశాయి. వీటికి తోడు సంచార బృందాలు జీపుల్లో, పడవల్లో తిరిగేవి. ఉత్తరం నుంచి దక్షిణానికి, దక్షిణం నుంచి ఉత్తరానికి తరలిపోగోరిన ప్రజలకు ఒప్పందం 300 రోజుల గడువిచ్చింది. ఆ తరలింపును అడ్డగిస్తున్నారన్న ఫిర్యాదులపై విచారణ జరపడం ఈ బృందాల తొలి పనుల్లో ఒకటి.

కెనడా ఒకవైపు, పోలెండ్ మరొకవైపు మొగ్గు చూపేవి. మధ్యలో నిలిచిన భారతీయ అధికారి మాటే తరచూ నిర్ణాయకమయ్యేది. 1962 జూన్‌లో వెలువడిన ప్రత్యేక నివేదిక ఇందుకు ఉదాహరణ. దక్షిణాన అల్లర్లకు ఉత్తర వియత్నాం ఊతమిస్తోందని, మరోవైపు దక్షిణ వియత్నాం అమెరికా సైనిక సాయం పొంది ఒప్పందాన్ని ఉల్లంఘించిందని భారత్, కెనడా ప్రతినిధులు అందులో స్పష్టం చేశారు. పోలెండ్ విభేదించింది. ఇరుపక్షాల తప్పునూ రాసిన ఆ నివేదిక ఎవరికీ రుచించలేదు. యుద్ధం ఆగనూ లేదు. పరిశీలకుడు నిజం చెప్పగలడు కానీ దాన్ని వినేలా చేయలేడన్న చేదు వాస్తవం అక్కడ అనుభవంలోకి వచ్చింది.

ఆ కొలువు ప్రాణాలనూ కోరింది. 1965 అక్టోబరు 18న వియంటియాన్ నుంచి హనోయ్‌కి బయలుదేరిన సంఘం విమానం మార్గమధ్యంలో అదృశ్యమైంది. అందులో భారతీయులతో సహా 13 మంది ఉన్నారు. అదే ఏడాది డిసెంబరు 18న జనరల్ తిమ్మయ్య సైప్రస్‌లో సమితి దళాధిపతిగా విధుల్లో ఉండగానే గుండెపోటుతో కన్నుమూశారు.

లెక్క తప్పకూడదు

పరిశీలకుల శ్రమ ఫలించిన సందర్భాలూ లేకపోలేదు. అంగోలా నుంచి దాదాపు 50 వేల మంది క్యూబా సైనికులు వైదొలగాలని 1988 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. వారు నిజంగా వెళ్లారని ధ్రువీకరించేందుకు సమితి పంపింది కేవలం 70 మంది పరిశీలకులను. వారిలో భారత అధికారులూ ఉన్నారు. ఖమ్మం మిర్చి యార్డు గేటు వద్ద వచ్చిన బస్తాలను, పోయిన బస్తాలను లెక్కగట్టినట్లుగా, వారు రేవుల్లోనూ లువాండా విమానాశ్రయంలోనూ నిలబడి ఎక్కేవారిని, దిగేవారిని లెక్కపెట్టారు. 1991 మే 25 నాటికి చివరి దళం వెళ్లిపోయింది. గడువుకు నెల రోజులకు పైగా ముందుగానే పని పూర్తి కావడం విశేషం. పొరుగున నమీబియా స్వాతంత్య్రానికి దారి వేసిన సమితి దళానికి అప్పట్లో అధిపతి కూడా భారతీయుడైన లెఫ్టినెంట్ జనరల్ దివాన్ ప్రేమ్‌చంద్ కావడం గమనార్హం.

ఎనిమిదేళ్ల ఇరాన్, ఇరాక్ యుద్ధం 1988 ఆగస్టు 20న ఆగినప్పుడు 26 దేశాల నుంచి సుమారు 350 మంది పరిశీలకులు అక్కడికి చేరారు. వారిలోనూ భారత అధికారులున్నారు. ఉత్తరాన మంచు కప్పిన కొండలు, దక్షిణాన చిత్తడి నేలలు, ఎడారి ఎండలు, అన్నిటా పాతిపెట్టిన మందుపాతరలు.. ఇదీ వారి కార్యక్షేత్రం. ఒకవైపు కందకం కొద్దిగా ముందుకు జరిగిందన్న ఫిర్యాదు రాగానే, రెండు పక్షాల అధికారులతో మాట్లాడి, వెనక్కి జరిపించి, మళ్లీ వెళ్లి చూసి రాయాలి. పేలకుండా ఆగిన తూటాలకు పత్రికల్లో వార్త రాదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు అంతర్జాతీయ సరిహద్దుకు వెనుదిరగడాన్ని ధ్రువీకరించిన తర్వాత, 1991 ఫిబ్రవరిలో ఆ బృందం పని ముగిసింది.

అదే కాలంలో కేంద్రంలో తెలుగువాడైన పి.వి.నరసింహారావు ప్రభుత్వం కొలువుదీరింది. 1992లో యుగోస్లావియాకు వెళ్లిన సమితి దళానికి తొలి అధిపతిగా లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్‌ను పంపిందీ, 1993లో సోమాలియాకు ఒక బ్రిగేడునే తరలించిందీ ఆయన హయాంలోనే.

కళ్లకు గంతలు కడితే..

పరిశీలకుడి బలమంతా ఇరుపక్షాల సమ్మతిలో ఉంది. ఆ సమ్మతి తొలగిన రోజున అతని చేతిలో ఏమీ మిగలదు. గాజా, సినాయ్ ప్రాంతాల్లో 1956 నుంచి గస్తీ తిరిగిన సమితి దళాన్ని వెళ్లిపొమ్మని 1967 మేలో ఈజిప్టు కోరింది. అప్పటి దళాధిపతి మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. సేనలు తట్టాబుట్టా సర్దుకుంటుండగానే జూన్ 5న యుద్ధం విరుచుకుపడింది. ఓడ కోసం ఎదురుచూస్తున్న భారత సైనికులు పలువురు ఆ కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. పదేళ్లకు పైగా నిలిచిన శాంతి, కాపలా తొలగిన కొద్ది వారాలకే కూలిపోయింది.

ఇథియోపియా, ఎరిట్రియాల విషయంలో మరో రకం అనుభవం ఎదురైంది. రెండేళ్ల యుద్ధం తర్వాత 2000లో ఆ దేశాలు సంధి చేసుకున్నాయి. సరిహద్దు వెంట 25 కి.మీ. వెడల్పున భద్రతా మండలాన్ని ఏర్పరచారు. అంటే దాని వెడల్పు సుమారుగా ఖమ్మం నుంచి కుసుమంచికి ఉన్నంత. పొడవు మాత్రం వందల కిలోమీటర్లు. ఆ విశాలమైన కొండ ప్రాంతాన్ని గమనించడానికి హెలికాప్టర్లే ఆధారం. 2005 అక్టోబరులో ఎరిట్రియా తన గగనతలంలో సమితి హెలికాప్టర్లు ఎగరరాదని నిషేధించింది. అప్పుడు దళాధిపతిగా ఉన్నది భారత మేజర్ జనరల్ రాజేందర్ సింగ్. దూరపు శిబిరాలకు చేరే దారి, గాయపడిన వారిని తరలించే వీలు ఒక్కసారిగా కుంచించుకుపోయాయి. ఆపై ఇంధన సరఫరా సైతం నిలిచిపోవడంతో 2008 జులైలో సమితి ఆ బృందాన్ని ముగించింది.

అడవిలో 75 రోజులు

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో 2000 సంవత్సరంలో జరిగిన ఘటన ఆయుధం లేని పరిశీలకుల దుస్థితిని కళ్లకు కట్టింది. శాంతి ఒప్పందంపై సంతకం చేసిన తిరుగుబాటుదారులే ఆ ఏడాది మేలో మాట తప్పి, వందల మంది సమితి సిబ్బందిని నిర్బంధించారు. కైలాహున్ పట్టణంలో రెండు వందల మందికి పైగా భారత సైనికులు, వారితో పాటు 11 మంది సైనిక పరిశీలకులు ముట్టడిలో చిక్కుకున్నారు. చుట్టూ దట్టమైన అడవి, వానాకాలం, నానాటికీ తరిగిపోతున్న ఆహారం.. ఇలా సుమారు 75 రోజులు గడిచాయి.

సంప్రదింపులతో ఫలితం లేకపోవడంతో దళాధిపతి మేజర్ జనరల్ వి.కె.జెట్లీ నేతృత్వంలో జులై 15న ‘ఆపరేషన్ ఖుక్రీ’ చేపట్టారు. బ్రిటిష్ హెలికాప్టర్ల సాయంతో పరిశీలకులను తొలుత తరలించారు. గూర్ఖా సైనికులు ముట్టడిని ఛేదించుకుని అడవి దారిన బయటపడ్డారు. ఈ చర్యలో హవల్దార్ కృష్ణకుమార్ అమరుడయ్యారు. 2002 జనవరిలో ఆ దేశంలో అంతర్యుద్ధం ముగిసింది.

అన్నిచోట్లా అలాంటి సాయం అందదు. 2006 జులై 25న దక్షిణ లెబనాన్‌లోని ఖియాం పరిశీలక కేంద్రంపై ఇజ్రాయెల్ వైమానిక దాడిలో ఆస్ట్రియా, కెనడా, చైనా, ఫిన్లాండ్‌లకు చెందిన నలుగురు నిరాయుధ పరిశీలకులు మృతి చెందారు. అది రహస్య స్థావరం కాదు. ఐక్యరాజ్యసమితి గుర్తుతో అందరికీ తెలిసిన కేంద్రమే.

మహిళలు చెప్పే నిజం

యుద్ధానంతర గ్రామాల్లో పరిశీలకులు తుపాకులను, ట్యాంకులను మాత్రమే లెక్కిస్తే సరిపోదని గత రెండు దశాబ్దాల అనుభవం నేర్పింది. మహిళలపై జరిగే అత్యాచారాలను పరాయి దేశపు పురుష అధికారికి చెప్పేందుకు బాధితులు ముందుకు రారు. ఆ నిజం నివేదికలో చేరదు. దక్షిణ సూడాన్‌లో 2018 డిసెంబరు నుంచి ఏడాది పాటు పరిశీలకురాలిగా పనిచేసిన భారత సైన్యపు మేజర్ సుమన్ గవానీ ఈ లోటుపై దృష్టి సారించారు. సంఘర్షణల్లో లైంగిక హింసను గుర్తించి నమోదు చేయడంపై 230 మందికి పైగా పరిశీలకులకు ఆమె మార్గదర్శనం చేశారు. 2019 సంవత్సరానికి సమితి ప్రకటించిన సైనిక పురస్కారాన్ని బ్రెజిల్ నౌకాదళ అధికారిణితో కలిసి ఆమె అందుకున్నారు. ఈ గౌరవం పొందిన తొలి భారతీయ శాంతి పరిరక్షకురాలు ఆమె.

మన్యానికీ తెలిసిన పాఠం

మందుపాతర అన్న మాట భద్రాచలం మన్యం ప్రజలకు కొత్త కాదు. కాల్పుల విరమణ అన్న మాటా కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 అక్టోబరులో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. కొన్ని నెలలు అడవిలో తుపాకుల మోత తగ్గింది. 2005 జనవరి నాటికి ఆ ప్రక్రియ కుప్పకూలింది. విరమణను మీరే ఉల్లంఘించారంటూ ఇరుపక్షాలూ పరస్పరం నిందించుకున్నాయి. అది దేశాల మధ్య యుద్ధం కాదు, అక్కడికి సమితి పరిశీలకులు వచ్చే ప్రసక్తీ లేదు. అయితే క్షేత్రంలో చూసి చెప్పే, ఇరువురూ నమ్మే కన్ను నిలదొక్కుకోకపోతే ఏమవుతుందన్న పాఠం మాత్రం ఒకటే. ఎవరి మాట వారు చెబుతారు, మధ్యలో గూడెం నలిగిపోతుంది.

గల్వాన్‌లోనూ ఇదే సమస్య మరో రూపంలో కనిపించింది. 2020 జూన్ 6న ఇరు దేశాల సైనిక కమాండర్లు సేనల ఉపసంహరణపై అవగాహనకు వచ్చారు. ఎవరు ఎంత వెనక్కి వెళ్లారో చూసేందుకు అక్కడ మూడో పక్షం లేదు. ఎదురెదురుగా నిలిచిన సేనలే ఒకరినొకరు సరిచూసుకోవాలి. ఆ అవగాహన అమలు సందర్భంగానే ఘర్షణ చెలరేగింది. ఆ సరిహద్దులో 45 ఏళ్ల తర్వాత తొలిసారిగా ప్రాణాలు పోయాయి.

అయితే మూడో పక్షం పట్ల భారతదేశానికి తన అభ్యంతరాలు తనకున్నాయి. 1972 సిమ్లా ఒప్పందంతో కాశ్మీరు వ్యవహారం రెండు దేశాల మధ్యనే తేలవలసిన అంశమైందని, కనుక అక్కడి సమితి పరిశీలకుల అవసరం తీరిపోయిందని భారత్ వాదన. ఆ బృందానికి పాకిస్థాన్ ఫిర్యాదులు చేస్తూ వస్తుండగా, భారత్ చేయడం మానుకుంది. భద్రతా మండలి తీర్మానించే వరకూ తమ విధి ముగియదన్నది సమితి వైఖరి. పరాయి గడ్డపై నిష్పాక్షిక సాక్షిగా పేరు తెచ్చుకున్న దేశమే తన ఇంటి వద్ద సాక్షి వద్దనడం విమర్శకుల నోట వినిపించే మాట. పంచులను పిలవాలంటే తగాదా పడ్డ ఇద్దరూ ఒప్పుకోవాలి కదా అన్నది దానికి సమాధానం. సమ్మతి లేనిదే పరిశీలన లేదన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

ఎవరు వెళ్లవచ్చు?

విదేశాంగ శాఖ 2025లో వెల్లడించిన లెక్కల ప్రకారం 50కి పైగా శాంతి బృందాల్లో 2,90,000 మందికి పైగా భారతీయులు సేవలందించారు. దాదాపు 180 మంది ప్రాణత్యాగం చేశారు. శాంతి విధుల్లో ఇంతమందిని కోల్పోయిన దేశం మరొకటి లేదు. ప్రపంచంలోని శాంతి పరిరక్షక దళాలన్నిటికీ కలిపి 1988లో నోబెల్ శాంతి బహుమతి లభించింది.

పరిశీలకుడిగా వెళ్లేందుకు నేరుగా దరఖాస్తు చేసే పద్ధతి లేదు. ముందు సైన్యంలో అధికారి కావాలి. సాధారణంగా కెప్టెన్ నుంచి లెఫ్టినెంట్ కల్నల్ వరకు హోదా గల వారిని, కొన్నేళ్ల క్షేత్రానుభవం తర్వాత ఎంపిక చేస్తారు. ఆంగ్లంలో తేటగా మాట్లాడటం, తడుముకోకుండా నివేదిక రాయడం రావాలి. పటం చదవడం, వైర్‌లెస్ వాడటం, గతుకుల దారిలో జీపు నడపడం, ప్రథమ చికిత్స తెలిసి ఉండాలి. 2000 సంవత్సరంలో న్యూఢిల్లీలో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ కేంద్రం ఇందుకు శిక్షణనిస్తోంది. విదేశీ అధికారులూ ఇక్కడికి వచ్చి నేర్చుకుంటారు. మహిళా అధికారులకు ప్రత్యేక శిక్షణ ఉంది. విధుల గడువు సాధారణంగా ఏడాది. 90 రోజులు పూర్తయిన వారికి సమితి పతకం అందజేస్తారు.

ఇంటర్మీడియట్ తర్వాత జాతీయ రక్షణ అకాడమీ, డిగ్రీ తర్వాత ఉమ్మడి రక్షణ సేవల పరీక్ష ద్వారా జిల్లా యువతీ యువకులు సైన్యంలో అధికారులుగా చేరే వీలుంది. అలా చేరిన వారిలో ఏ ఒక్కరికో ఎన్నడో ఒకనాడు పేరు కూడా వినని దేశంలో, ఊరు కాలిన వాసన ఇంకా పోని చోట, నోటు పుస్తకంతో నిలబడే అవసరం రావచ్చు. ఆ రోజు వారు రాసే నాలుగు వాక్యాలు ఎవరికీ అనుకూలంగా ఉండనక్కర్లేదు. నిజమై ఉంటే చాలు. వాటిని నమ్మి ఇరుపక్షాలూ వెనక్కి తగ్గితే, ఆ ఊరి జనం మళ్లీ పొలాలకు పోగలుగుతారు.